నాలుగు లినక్స్‌లు, ఒక పాత లాప్‌టాప్, మా మేనల్లుడు

"అత్తా, కాలీ వేసేశాను. ఇప్పుడేం చెయ్యాలి?"

రాత్రి పదకొండింటికి మా మేనల్లుడు పంపిన మెసేజ్ ఇది. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, కాలీ అందులో ఒక రకం. కింద ఫోటో కూడా పెట్టాడు: చీకటి గది, నల్లటి స్క్రీన్, దాని మీద డ్రాగన్ బొమ్మ. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు. ఫర్ లూప్ ఇంకా ఒంటబట్టలేదు గానీ, లినక్స్ మాత్రం సినిమాల్లో హ్యాకర్లు వాడేలాంటిదే కావాలి.

నేను పన్నెండేళ్లుగా సర్వర్ల వైపు ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉన్నాను. అందుకని ఇంట్లో ఎవరి కంప్యూటర్ మొండికేసినా ఫోన్ నాకే వస్తుంది. మర్నాడు పొద్దున్నే అన్నయ్య కూడా చేశాడు. "వాడికి ఏదో ఒకటి సరైనది వేసిపెట్టు. ఈసారైనా ఫోటోలు పోవు కదా?" అన్నాడు. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. కాలేజీ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్‌కి మొదటిసారి లినక్స్ ఎక్కిస్తూ, డిస్క్ మొత్తం చెరిపెయ్యనా అని అడిగిన చోట చూసుకోకుండా నెక్స్ట్ కొట్టేశాను. అన్నయ్య దాచుకున్న ఫోటోలన్నీ పోయాయి. తప్పు నాదే, ఇన్‌స్టాలర్ అడిగే చేసింది. అన్నయ్య ఇప్పటికీ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వడు.

కాబట్టి ముందు ఆ లాప్‌టాప్‌లో ఉన్న ఫోటోలన్నిటికీ బయటి హార్డ్ డిస్క్‌లోకి రెండు కాపీలు తీశాను. తర్వాతే మిగతా పని.

లాప్‌టాప్ పాతదే: 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ప్రత్యేకంగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అందులో సగం విండోస్‌కి వదిలేసి, మిగతా సగంలో మూడు రోజులు కాలీ, ఆ తర్వాత నెలకొకటి చొప్పున ఉబుంటు 24.04, ఫెడోరా 41, లినక్స్ మింట్ 22 నడిపించాం. నడిపింది వాడు. పక్కన కూర్చుని, సగం సార్లు వీడియో కాల్‌లో, చూసింది నేను. అలవాటైన చేతికి అన్నీ బాగానే ఉంటాయి. అందుకని నాకేం అనిపించిందన్నది పక్కన పెట్టి, వాడు ఎక్కడెక్కడ ఆగిపోయాడో ఒక కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. ఈ రివ్యూ ఆ కాగితమే.

ఏ డిస్ట్రో (లినక్స్ రకాలకి ఆ పేరు) మంచిదంటే జనం అందం చూస్తారు, వేగం చూస్తారు, ఎన్ని యాప్స్ వస్తాయో చూస్తారు. నేను చూసింది వేరు. కొత్తగా నేర్చుకునేవాడు సిస్టమ్‌ని ఎలాగూ పాడుచేస్తాడు. నెట్‌లో దొరికిన కమాండ్ తెచ్చి అతికిస్తాడు, తియ్యకూడనిది తీస్తాడు. పాడైన రోజున, నేను పక్కన లేకుండా, వాడు దాన్ని ఎంతసేపట్లో మళ్లీ మామూలుగా చేసుకోగలడు? నా లెక్క అదొక్కటే. మొదటి స్థానం మింట్‌కి ఇచ్చింది అందుకే. ఆ సంగతి చెప్పేముందు మిగతావాటి గురించి.

కాలీ సంగతి త్వరగా తేల్చేస్తాను. అది చెడ్డది కాదు, వేరే పని కోసం చేసింది. ఆఫెన్సివ్ సెక్యూరిటీ అనే సంస్థ 2013లో దాన్ని విడుదల చేసింది. సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్లకి కావాల్సిన ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్, మెటాస్‌ప్లాయిట్ లాంటివన్నీ ముందే సర్ది ఇస్తారు. లినక్స్ కొత్తవాళ్లకి ఇది తగదని కాలీ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. మావాడు ఆ మూడు రోజులూ మెనూ తెరిచి టూల్స్ పేర్లు చదువుకున్నాడు, రెండు వాల్‌పేపర్లు మార్చాడు, పైథాన్ ఫైల్ ఒక్కటి కూడా రాయలేదు. "అందులో ఉన్నవి తర్వాత ఏ లినక్స్‌లోనైనా వేసుకోవచ్చురా" అంటే గానీ తియ్యనివ్వలేదు.

తర్వాత ఉబుంటు. 2004 అక్టోబర్‌లో మొదటి వెర్షన్ వచ్చింది. కొత్తవాళ్లు అడిగితే ఇప్పటికీ ఎక్కువమంది నోట వచ్చే పేరు అదే, ఊరికే కాదు. వెర్షన్ నంబర్‌లోనే తేదీ ఉంటుంది: 24.04 అంటే 2024 ఏప్రిల్. రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్‌కి ఐదేళ్లు అప్‌డేట్లు ఇస్తారు. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చేవాటికి తొమ్మిది నెలలే. నేర్చుకునేవాడు కళ్లు మూసుకుని ఎల్‌టీఎస్ తీసుకోవాలి, ఇందులో చర్చ లేదు.

ఉబుంటు బలం సగం దాని బయట ఉంది. నెట్‌లో ఏ ట్యుటోరియల్ తీసినా, ఏ లైబ్రరీ ఇన్‌స్టాల్ పేజీ చూసినా, లినక్స్ అన్న చోట ఎక్కువగా కనిపించేది 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్' అనే. సుడో అంటే అడ్మిన్ హక్కులతో చెయ్యి అని, ఆప్ట్ అంటే సాఫ్ట్‌వేర్ వేసే, తీసే టూల్. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుంటే డిఫాల్ట్‌గా వచ్చేది ఉబుంటు. కోడ్‌ని నెట్‌లో తనంతట తానే పరీక్షించే గిట్‌హబ్ యాక్షన్స్‌లో మామూలుగా రాసే మెషిన్ పేరు 'ఉబుంటు-లేటెస్ట్'. ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ఒక డబ్బాలా నడిపే డాకర్‌లో పైథాన్ అధికారిక ఇమేజ్ తీసుకుంటే, మామూలు రకం డెబియన్ అనే డిస్ట్రో మీద కట్టింది కాబట్టి అక్కడా ఆప్టే. అంటే ఇక్కడ చేతికి అలవాటైన కమాండ్లు రేపు ఉద్యోగంలో కూడా పనికొస్తాయి. ఎర్రర్ వస్తే దాన్ని ఉన్నదున్నట్టు సెర్చ్‌లో పడేస్తే, అదే వెర్షన్ మీద అవే తిప్పలు పడ్డవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. ఒంటరిగా కూర్చుని నేర్చుకునేవాడికి అది ఎంత ఆసరానో మొదట్లో నాకూ అనుభవమే.

మావాడు మొదటి రోజే ఆగిపోయిన చోటు మాత్రం నేను ఊహించలేదు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) సుడో కమాండ్ కొట్టాడు, పాస్‌వర్డ్ అడిగింది, టైప్ చేశాడు. స్క్రీన్ మీద ఏమీ పడలేదు. చుక్క లేదు, నక్షత్రం లేదు, కర్సర్ ఉన్నచోటు నుంచి కదల్లేదు. గట్టిగా నొక్కి మళ్లీ టైప్ చేశాడు. కీబోర్డు పోయిందనుకుని లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాడు. టెర్మినల్‌లో అది పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో కూడా పక్కవాళ్లకి తెలియకూడదని అలా పెట్టారు. నాకు అదొక విషయమని కూడా గుర్తులేదు, అందుకే ముందుగా చెప్పలేదు. వాడేమో ఇంత చిన్నదానికి అత్తని అడగాలా అని సిగ్గుపడి అరగంట పోగొట్టుకున్నాడు. రెండు నెలల తర్వాత మింట్‌లో అదే కమాండ్ కొడితే అక్షరానికో నక్షత్రం పడింది. మింట్ వాళ్లు ఆ సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఇస్తారు. "అరె, ఇందులో కనిపిస్తోందే!" అన్నాడు. ఆ డిస్ట్రోని ఎవరి కోసం చేశారో ఆ నక్షత్రాల దగ్గరే నాకు తెలిసిపోయింది.

ఉబుంటులో నాకు నచ్చనిది స్నాప్, ఆప్ట్ కాకుండా యాప్స్ ఇచ్చే వాళ్ల సొంత పద్ధతి. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలోనే వస్తోంది. 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్' అని కొట్టినా వెనక నుంచి దిగేది స్నాపే. దాని లాభాలు దానికున్నాయి: యాప్‌ని మిగతా సిస్టమ్‌కి కాస్త దూరంగా ఉంచుతుంది, కొత్త వెర్షన్లు త్వరగా అందుతాయి. కానీ ఆప్ట్ అంటే ఏంటో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాడికి నేను చెప్పిన పాఠం ఒకటి, మెషిన్ చేసి చూపించింది ఇంకొకటి. "ఆప్ట్‌తో వేస్తే స్నాప్ ఎందుకొచ్చిందత్తా?" అని అడిగాడు. జవాబు చెప్పేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో వాడు ఒక ఫంక్షన్ రాసుకుని ఉండేవాడు.

ఫెడోరా వాడికన్నా నాకు ఎక్కువ నచ్చింది. రెడ్ హ్యాట్ కంపెనీ అండతో 2003 నుంచి నడుస్తోంది. లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఫెడోరా వాడతానని చెప్పినవారే. జీనోమ్ డెస్క్‌టాప్‌ని పెద్దగా మార్చకుండా ఇస్తుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కంపైలర్లు, భాషలు తాజాగా ఉంటాయి: ఉబుంటు 24.04లో పైథాన్ 3.12 ఉంటే ఫెడోరా 41లో 3.13. మార్కెట్లోకి ఇప్పుడే వచ్చిన లాప్‌టాప్ కొన్నవాళ్లకైతే కొత్త కెర్నల్ వల్ల వైఫై, టచ్‌ప్యాడ్ లాంటివి దారికొచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లు మింట్‌కన్నా ముందు దీన్నే చూడాలి.

చిక్కల్లా పేర్ల దగ్గర వచ్చింది. ట్యుటోరియల్‌లో 'బిల్డ్-ఎసెన్షియల్' అని ఉంటుంది, ఫెడోరాలో ఆ పేరుతో ప్యాకేజీ లేదు. అక్కడ 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్' అన్నది ఇక్కడ 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్'. ఆప్ట్ ఉన్నచోట ఫెడోరా టూల్ డీఎన్‌ఎఫ్ పేరు పెడితే సరిపోతుందనుకున్నాడు మావాడు. కొన్నిసార్లు సరిపోయింది, కొన్నిసార్లు లేదు. ఎందుకు సరిపోలేదో తెలియకపోవడమే వాడి టెన్షన్. తెలిసినవాళ్లకి ఇది పది సెకన్ల పని. వాడికి మాత్రం ప్రతి పాఠం ముందూ ఒక గేటు. పైగా ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు 13 నెలలే, అంటే ఏడాదికోసారి పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. పేటెంట్ల ఇబ్బంది వల్ల వీడియోలు ఆడించే కొన్ని కోడెక్‌లు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి చోటు నుంచి విడిగా తెచ్చుకోవాలి. ఉబుంటులో కంట్రోల్-ఆల్ట్-టీ నొక్కి టెర్మినల్ తెరవడం అలవాటైపోయింది వాడికి, ఇక్కడ ఆ షార్ట్‌కట్ కూడా మేమే పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడాది తర్వాత ఫెడోరాకి వెళ్తానంటే నేనే దగ్గరుండి వేస్తాను. మొదటిదిగా మాత్రం వద్దు.

ఇక మింట్. క్లెమెంట్ లెఫెవ్ర్ 2006లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. లోపలున్నది ఉబుంటు ఎల్‌టీఎస్సే: మింట్ 22 పునాది ఉబుంటు 24.04, సపోర్ట్ 2029 వరకు. కాబట్టి ఉబుంటు కోసం రాసిన ట్యుటోరియల్స్ దాదాపు అన్నీ ఇక్కడ నడుస్తాయి. పైన చెప్పిన ఆసరా ఎక్కడికీ పోదు. స్నాప్ మాత్రం ఉండదు. మింట్ 20 నుంచి ఆప్ట్ చాటుగా స్నాప్‌ని తేకుండా వాళ్లే అడ్డుపెట్టారు, ఫైర్‌ఫాక్స్‌ని మామూలు ప్యాకేజీగా ఇస్తున్నారు. డెస్క్‌టాప్‌లో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలున్నాయి. మేం సినమన్ తీసుకున్నాం. మెనూ కింద ఎడమ మూలన ఉంటుంది, విండోస్ నుంచి వచ్చినవాడి చెయ్యి తనంతట తానే అక్కడికి వెళ్తుంది. ర్యామ్ కనీసం 2 జీబీ, హాయిగా నడవాలంటే 4 జీబీ అంటారు. మా 8 జీబీ మీద బ్రౌజర్, ఎడిటర్, టెర్మినల్ మూడూ తెరిచి పెట్టుకున్నా నత్తనడక ఎప్పుడూ చూడలేదు.

మొదటిసారి లాగిన్ కాగానే వెల్‌కమ్ స్క్రీన్ వస్తుంది. అందులో ముందుగా చెయ్యాల్సిన పనుల వరసలో 'సిస్టమ్ స్నాప్‌షాట్స్' అని ఒకటుంది. స్నాప్‌తో దీనికి ఏ సంబంధం లేదు, పేరు కలిసిందంతే. దాన్ని నొక్కితే టైమ్‌షిఫ్ట్ తెరుచుకుంటుంది. రోజుకొకటి, వారానికొకటి అని మనం చెప్పినట్టు సిస్టమ్ ఫైళ్లకి కాపీలు తీసి దాచే టూల్ అది. మావాడు 'తర్వాత చూద్దాం' అని దాటేశాడు. రెండు రోజుల తర్వాత అప్‌డేట్ మేనేజర్ తెరిస్తే అక్కడ కూడా, స్నాప్‌షాట్స్ ఇంకా సెట్ చెయ్యలేదని పైన పట్టీలో హెచ్చరిక. ఆ పట్టీ గోల పడలేక సెట్ చేశాడు. రోజుకొకటి, చివరి రెండూ దాచు అని.

ఆ పట్టీ ఎంత పని చేసిందో మూడో వారంలో తెలిసింది.

వాడి కోర్సులో ఒక ఎక్సర్‌సైజ్‌కి పైథాన్ 3.13 కావాలన్నారు. మింట్ 22లో ఉన్నది 3.12. విండోస్ అలవాటు ప్రకారం పాతది తీసేసి కొత్తది వేద్దామనుకున్నాడు. 'సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3' అని కొట్టాడు. తీసెయ్యబోయేవాటి పేర్లన్నీ స్క్రీన్ నిండా చూపించి, కొనసాగించనా, వైనా ఎన్‌నా అని అడిగింది ఆప్ట్. ఆ పేర్లలో సినమన్ ఉంది, అప్‌డేట్ మేనేజర్ ఉంది. వాడు చదివింది ఆఖరి లైన్ ఒక్కటే. వై కొట్టాడు. పేర్లు వరసగా పైకి జరిగిపోతుంటే ఏదో పెద్ద పనే జరుగుతోందని మురిసిపోయాడట కూడా. రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ లేదు. నల్లటి తెర, పైన ఎడమ మూలన తెల్లగా 'లాగిన్' అన్న మాట, దాని పక్కన మినుకుమనే కర్సర్. "ఇప్పుడు నిజంగానే హ్యాకర్ సినిమాలా ఉందత్తా" అన్నాడు ఫోన్‌లో. గొంతు వణుకుతోంది.

ఇలాంటి డిస్ట్రోల్లో పైథాన్ మన కోసం పెట్టిన యాప్ కాదు. సిస్టమ్ తన పనులకి తాను వాడుకుంటుంది. మింట్ అప్‌డేట్ మేనేజర్ రాసిందే పైథాన్‌లో. కింద నుంచి దాన్ని లాగేస్తే పైనున్నవన్నీ కూలతాయి. ఉబుంటులో చేసినా దెబ్బ ఇలాగే తగిలేది.

ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ అలాగే ఉంచమని మొదట్లోనే చెప్పాను. అది గుచ్చి లైవ్‌గా, అంటే డిస్క్‌లోది కాకుండా పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌నే, బూట్ చెయ్యమన్నాను. లైవ్‌లోనూ టైమ్‌షిఫ్ట్ ఉంటుంది. తెరిచి, స్నాప్‌షాట్లు ఏ డిస్క్‌లో ఉన్నాయో చూపించి, ముందురోజుది ఎంచుకుని, రీస్టోర్ నొక్కాడు. నేను ఫోన్‌లో చెప్పింది నాలుగు మాటలు. ఇరవై నిమిషాల్లో డెస్క్‌టాప్ మునుపటిలాగే వచ్చేసింది, వాల్‌పేపర్‌తో సహా. హోమ్ ఫోల్డర్‌ని టైమ్‌షిఫ్ట్ మామూలుగా ముట్టుకోదు కాబట్టి ఆ పొద్దున రాసిన కోడ్ కూడా ఎక్కడిదక్కడే ఉంది. అదే కారణంగా అది ఫోటోలకి బ్యాకప్ కాదు. ఈ సంగతి అన్నయ్యకి ఫోన్ చేసి విడిగా చెప్పాను.

టైమ్‌షిఫ్ట్ ఉబుంటులోనూ వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. కానీ కొత్తవాడు వేసుకోడు, అలాంటిదొకటి ఉందని వాడికి తెలిసేది పాడయ్యాకే. మింట్ వాళ్లు దాన్ని మొదటి రోజే ఎదురుగా పెట్టి, దాటేస్తే మళ్లీ గుర్తుచేస్తారు. 2022లో ఆ టూల్ నిర్వహణ కూడా వాళ్లే తీసుకున్నారు. పదికి ఎనిమిదిన్నర ఇస్తే అందులో రెండు మార్కులు దానికే.

మర్నాడు సరైన పద్ధతి చూపించాను. సిస్టమ్ పైథాన్ జోలికి పోకుండా యూవీ అనే టూల్ వేసుకుని 'యూవీ పైథాన్ ఇన్‌స్టాల్ 3.13' అంటే ఆ వెర్షన్ పక్కన విడిగా వచ్చి కూర్చుంటుంది. ప్రతి ప్రాజెక్ట్‌కీ సొంత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దానికి మాత్రమే విడిగా ఒక పైథాన్ గది. ఉబుంటు నెలలో పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు వేసే టూల్) ఏదో వెయ్యబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఎర్రర్ ఇచ్చి అడ్డుపడిందని వాడు తిట్టుకున్నాడు. ఆ ఎర్రర్ కిందే దాటిపోయే ఆప్షన్ కూడా ఉంటుంది, దాని పేరు 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'. పాపం పేరులోనే హెచ్చరిక పెట్టారు, అయినా జనం దాన్నే కాపీ చేసుకుంటారు. ఆ అడ్డు ఎందుకు పెట్టారో ఇప్పుడు మావాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మింట్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. పునాది ఉబుంటుదైనా పేరు దానిదే: ఉబుంటు 24.04 కోడ్‌నేమ్ 'నోబుల్', మింట్ 22ది 'విల్మా'. బయటి సాఫ్ట్‌వేర్ కోసం రిపాజిటరీ (అది దొరికే సర్వర్ చోటు) జతచేసే పాత కమాండ్లు కొన్ని సిస్టమ్‌ని పేరడిగి, ఆ పేరునే అడ్రస్‌లో పెట్టేస్తాయి. విల్మా అని వెళ్తే అవతల ఆ పేరుతో ఫోల్డర్ ఉండదు, 404 వస్తుంది. విల్మా ఉన్నచోట నోబుల్ అని మారిస్తే పనైపోతుంది. కానీ ఈ ముక్క తెలియనివాడు సాయంత్రమంతా వెతుక్కుంటాడు. ఆప్ట్‌లో దొరికే నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపేది) 18వ వెర్షన్, దాని సపోర్ట్ 2025 ఏప్రిల్‌తో ముగిసింది. ఉబుంటు 24.04లోనూ అంతే. జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్లు నోడ్ వెర్షన్లు తెచ్చిపెట్టే ఎన్‌వీఎం పెట్టుకోవాలి. సినమన్‌లో వేలాండ్ (విండోల్ని తెర మీద చూపించే కొత్త పద్ధతి) మేం చూసినప్పటికి ప్రయోగ దశలోనే ఉంది. రెండు మానిటర్లు రెండు రకాల స్కేలింగ్‌తో వాడేవాళ్లకి జీనోమ్ గానీ, కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ గానీ నయం. కోడ్ రాసే ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్ ఫ్లాట్‌ప్యాక్ (స్నాప్ లాంటి ఇంకో పద్ధతి) రూపంలో కూడా దొరుకుతుంది, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. ఫ్లాట్‌ప్యాక్ యాప్ చుట్టూ గోడ ఉంటుంది, మీరు కష్టపడి వేసుకున్న కంపైలర్ దానికి నేరుగా కనపడదు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉన్న డెబ్ ఫైల్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైట్‌లోకి ఎవరో చొరబడి, డౌన్‌లోడ్ లింకుని రహస్య ద్వారం పెట్టిన ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చెయ్యడానికి దించుకునేది) వైపు తిప్పేశారు. వాళ్లు త్వరగానే పసిగట్టి బయటికి చెప్పారు. అయినా ఆ రోజు దించుకున్నవాళ్లకి నష్టం నష్టమే. ఏ డిస్ట్రో అయినా ఐఎస్ఓ దించుకున్నాక ఫైల్ మారిందో లేదో తేల్చే 'షా256సమ్' కమాండ్ కొట్టి, వచ్చిన అంకెల్ని సైట్‌లో ఇచ్చినవాటితో పోల్చుకోండి. వాళ్ల సంతకం కూడా సరిచూసుకుంటే ఇంకా మంచిది. మావాడితో మొదటిసారి టెర్మినల్ తెరిపించింది నేను ఆ పనికే.

మిగతావాటి మీద ఒక్కో మాట. డెబియన్ 1993లో పుట్టింది, ఉబుంటు, మింట్ దాని సంతానమే. సర్వర్‌కి నా ఓటు ఎప్పుడూ దానికే. మొదటి డెస్క్‌టాప్‌కి మాత్రం కాస్త బిగుసుకుని ఉంటుంది. ఆర్చ్ అనే డిస్ట్రో వాళ్ల వికీ అందరూ చదవాల్సిందే, ఏ డిస్ట్రో వాడినా. ఆర్చ్ వేసుకోవడం మాత్రం తర్వాతి సంగతి. పాప్ ఓఎస్, జోరిన్ కూడా మంచివని విన్నాను, నెల రోజులు వాడలేదు కాబట్టి మార్కులు వెయ్యను. డిస్ట్రోవాచ్ సైట్‌లో ర్యాంకులు చూసి ఎంచుకునేవాళ్లని చూస్తే మాత్రం నవ్వొస్తుంది. అవి ఆ సైట్‌లో ఏ పేజీని ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క, ఎంతమంది వాడుతున్నారన్న లెక్క కాదు.

వేసుకునేముందు పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా ఒక గంట నడిపి చూడండి. వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా లేదా, ఇవన్నీ డిస్క్‌ని ముట్టుకోకముందే తెలిసిపోతాయి. విండోస్ పక్కన పెట్టుకునేవాళ్లు ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) సంగతి చూసుకోవాలి. చాలా లాప్‌టాప్‌లలో అది మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగ్స్ మారగానే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చోవచ్చు. ఆ కీ ముందే రాసిపెట్టుకోండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆపెయ్యండి, లేదంటే విండోస్ డిస్క్‌లోకి లినక్స్ నుంచి ఏమీ రాయలేకపోవచ్చు. రెండింటి మధ్యా మారినప్పుడు గడియారం తప్పు చూపిస్తే కంగారు పడొద్దు. మెషిన్ గడియారాన్ని విండోస్ స్థానిక సమయంలో పెడుతుంది, లినక్స్ దాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంగా చదువుతుంది, అంతే.

డిస్క్‌ని కదిలించే ధైర్యం అసలే లేదనుకుంటే విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుని కమాండ్లు నేర్చుకోవచ్చు, తప్పేం లేదు. డెస్క్‌టాప్ మొత్తాన్ని పాడుచేసుకుని మళ్లీ నిలబెట్టే అనుభవం మాత్రం అందులో రాదు.

ఆ మూడు నెలలు అయిపోయాక లాప్‌టాప్‌లో మింట్‌నే ఉంచేశాం. మొన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. ఫ్రెండ్ విండోస్‌లో రాసిన ప్రోగ్రామ్ వీడి దగ్గర నడవలేదట. ఫైల్ పేరు చిన్న డీతో ఉంటే కోడ్‌లో పెద్ద డీ పెట్టాడు, విండోస్ పట్టించుకోలేదు, లినక్స్ ఒప్పుకోలేదు. తనే కనిపెట్టాడు, అది చెప్పడానికే ఫోన్. మాటల్లో మాటగా అడిగాను, "ఇంకా 22 మీదే ఉన్నావా, 22.1కి మారావా?"

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు.

"అది ఎక్కడ చూడాలత్తా?"